నాలుగో బాయి శ్రుతి

దిగుడు 40వ రోజు. ఉష్ణం 30. గాలి బాగుంది. గ్యాసు లేదు.

ఈ గాలి పుస్తకంలో ‘రిమార్కులు’ అని ఒక గడి ఉంది. నాలుగో బాయిలో కాపురముండే ప్రతి ఇంటివాళ్ళూ పొద్దునా సాయంత్రం మీటరు చూసి, అంకెలు వేసి, ఆ గడిలో ‘ఏమీ లేవు’ అని రాయాలని రూలు. పదకొండేళ్ళుగా నేను ఆ మాట రాయలేదు. ఏమీ లేకపోవడం ఏమిటి? హోళీ వెళ్ళగానే తొంభై రెండు కుటుంబాలు మూటాముల్లె కట్టుకుని, ఒకప్పుడు తాతలు బొగ్గు తవ్వి వదిలేసిన సొరంగంలోకి దిగి, మృగశిర చినుకు పడేదాకా ఎండకు పైకి తలెత్తలేని కాలంలో బతుకుతూ రిమార్కులు లేవని రాసేవాడికి బుద్ధి లేదనైనా అనాలి, భయముందనైనా అనాలి.

ఫ్యాను ఖలాసీ ఖాజా వారానికోసారి ఇల్లిల్లూ తిరిగి ఈ పుస్తకాల మీద సంతకం పెడతాడు. బాయిలోకి గాలి తోలే పెద్ద ఫ్యాను అతని చేతిలో ఉంటుంది. పోయినవారం నా మూడు పేజీల రిమార్కు కింద ‘అన్నా, గడి దాటి రాయకు’ అని రాసిపోయాడు. దాటుతాను. బాయి గోడపత్రిక రాసే నాకు గడి కట్టేవాడెవడు?

ఈరోజు మాత్రం రిమార్కు చిన్నదే. నా భార్య జమున గొంతులో గడ్డ ఉంది. అరవై ఒకటో రోజున పైన ఆసుపత్రిలో ఆపరేషన్. ప్రాణానికి ఢోకా లేదన్నాడు డాక్టరు. గొంతు మాత్రం మొత్తం తీసేస్తారు.

తర్వాత మెడకు ఒక పట్టీ కడతారట. పెదవులూ నాలుకా కదిలిస్తే చాలు, పట్టీ మాట్లాడుతుంది. ఎవరి గొంతుతో మాట్లాడుతుందన్నదే అసలు సంగతి. పైన పట్నంలో స్వరనిధి అని ఒక కార్యాలయం ఉంది. మావాళ్ళు గొంతుల ఆఫీసు అంటారు. పోబోయే గొంతుతో మూడు పాటలు పాడి, ఇంట్లోనే వీడియో తీసి పంపితే, ఆ గొంతునే పట్టీలో పోసి ఇస్తారు. మామూలు మాటల్లో మనిషి గొంతు నాలుగు మెట్లు దాటదు, పాటలో అయితే కిందినుంచి పైదాకా తిరుగుతుంది, అందుకని పాటలే కావాలట. పాటలు వాళ్ళు ఇచ్చినవే, వెనక వాయించే ట్రాకులూ వాళ్ళవే. ఆ ట్రాకుకు సరిపోయేలా పాడాలి. ఆపరేషన్‌లోపు మూడూ ఆమోదం పొందకపోతే తయారుగా ఉన్న ఐదు గొంతుల్లోంచి ఒకటి తీసుకోవాలి. వాటికి పూల పేర్లు పెట్టారు.

‘సంపెంగ’ గొంతు నమూనా వినిపించారు. “శుభోదయం. నేను మీకు ఏ విధంగా సహాయపడగలను?” అంది.

జమున విని, “చీమ కుట్టినా ధన్యవాదాలు అనేటట్టున్నది ఈమె” అంది. నవ్వింది. నవ్వు చివర దగ్గు వచ్చింది.

మాకేం భయం లేదు. పన్నెండేళ్ళుగా ప్రతి ఆదివారం రెండో లెవెల్ గోడమీద వేసేది జమున కవర్ వీడియోలే. పాత పాటకు ట్రాకు పెట్టుకుని ఇంట్లో పాడి ఇస్తే, తొంభై రెండు ఇళ్ళవాళ్ళూ చాపలు తెచ్చుకుని కూర్చుంటారు. మూడు పాటలు ఆమెకొక లెక్కా?

దిగుడు 42వ రోజు. ఉష్ణం 30. గాలి బాగుంది. గ్యాసు లేదు.

మా స్టూడియో గురించి చెప్పాలి. పైకప్పుకు ఆనించిన ఇనుప ప్రాపుకు ఫోను కట్టాం. గోడలకు మూడు బొంతలు వేలాడదీశాం, మాట ప్రతిధ్వనించకుండా. జమున పనిచేసేది దీపాల గదిలో. బాయిలో ఉండే అందరి టోపీ లైట్లకూ ఛార్జింగు పెట్టి ఇచ్చేది ఆమే. మంచి లైటు ఒకటి తెచ్చి ఆమె ముఖం మీదికి తిప్పాను. పెదవులు, మెడ స్పష్టంగా కనబడాలని గొంతుల ఆఫీసు షరతు.

“గడ్డ కనబడుతాందా?” అంది.

“లేదు” అన్నాను.

“అబద్ధం జెప్పుడు రాదు ఓదెలూ నీకు. పత్రికల అచ్చుతప్పు వడ్డట్టు మొఖం వెడ్తవ్.”

పెళ్ళికి ముందు సంఘంలో కలిసి పనిచేసిన రోజుల నుంచీ ఆమె నన్ను పేరుపెట్టే పిలుస్తుంది. ఇరవై ఆరేళ్ళయినా పక్కింటి ఎల్లవ్వ ముక్కుమీద వేలు ఇంకా దించలేదు.

మొదటి పాట జోలపాట. ఒక చెవిలో ట్రాకు పెట్టుకుంది. నేను వేలెత్తి ‘ఒకటి, రెండు’ అనగానే అందుకుంది. ఆ గొంతు గురించి ఇక్కడ రాసి తీరాలి. తీగలా ఉండదు, తేనెలా ఉండదు. కొంచెం బొంగురు. ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలుచీరలా ఉంటుంది. ఆ గొంతు విన్నాకే నేను ఈ మనిషిని పెళ్ళాడతానని కులపెద్దల ముందు నిలబడి చెప్పాను. నేను ఎదిరించింది వ్యవస్థనని అప్పట్లో వ్యాసం కూడా రాశాను. అసలు కారణం ఆ వ్యాసంలో లేదు.

రెండో చరణంలో ఎదురింటి కుక్కరు కూత పెట్టింది. మళ్ళీ తీశాం. ఆ తర్వాతిసారి నేనే తుమ్మాను. ఐదోసారికి కుదిరింది. పంపాం.

దిగుడు 45వ రోజు. ఉష్ణం 31. గాలి బాగుంది. గ్యాసు లేదు.

మొన్న జోలపాట తిరిగొచ్చింది. ‘శ్రుతి ట్రాకుకన్నా తక్కువ. మొదటినుంచి చివరిదాకా ఒకే మోతాదులో తక్కువ. మళ్ళీ పంపగలరు.’

నేను అడుగుతున్నాను. మొదటినుంచి చివరిదాకా ఒకే మోతాదులో తక్కువ పాడేవాళ్ళను శ్రుతి తప్పినవాళ్ళని ఏ నోటితో అంటారు? తాగినవాడు ఊగుతాడు. తప్పినవాడు ఒకసారి పైకీ ఒకసారి కిందికీ పోతాడు. గీత గీసినట్టు ఒకే ఎత్తున నడిచే మనిషిని, మీ రోడ్డు ఇంకొంచెం ఎత్తులో ఉంది కాబట్టి గుంటలో నడుస్తోందంటారా? ఆ రోడ్డు ఎవరు వేశారు? మమ్మల్ని అడిగి వేశారా?

ఇదంతా జమునకు వినిపించాను.

“నువ్వు సప్పుడుజేయక ట్రాకు వెట్టు” అంది.

రెండు రోజుల్లో పద్నాలుగు సార్లు పాడింది. పైకి పోవాలని చూస్తుంది, నాలుగు మాటల తర్వాత మళ్ళీ తన ఎత్తుకే దిగిపోతుంది. ఎందుకో ఆమెకూ తెలియదు. పద్నాలుగోసారి పూర్తిచేసి మంచినీళ్ళు అడిగితే, గ్లాసు ఇస్తూ గమనించాను. మింగడానికి ఇబ్బందిపడుతోంది.

దిగుడు 48వ రోజు. ఉష్ణం 31. గాలి బాగుంది. గ్యాసు లేదు.

పద్నాలుగోసారి పాడింది పంపితే వచ్చిన రెండో జవాబు ఇది. ఒక్క అక్షరం మార్చకుండా రాస్తున్నాను. ‘నేపథ్య శబ్దం తొలగించగా గాత్రం మిగలలేదు.’

ఎవరింట్లో శబ్దం? బొంతలు కట్టాం, కుక్కర్లు ఆపించాం, నేను తుమ్ములు కూడా మింగాను. మా ఇంట్లో చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం. పదకొండు పేజీల వినతిపత్రం రాసి పంపి, అరగంట ఆగి ఫోను చేశాను. ఇందుమతి అని ఒకావిడ తీసింది. గొంతును బట్టి చిన్నమనిషే.

“మీ పత్రం అందిందండీ” అంది.

“చదివారా?”

“నాలుగో పేజీలో ఉన్నానండీ. మా తాతగారి ఆస్తులు ఎక్కడివని అడిగారు.”

“అది మిమ్మల్ని కాదు, వ్యవస్థను.”

“సరేనండీ. ముందు మీరొకటి వినాలి. మా యంత్రం మీ వీడియోలోంచి తీసేసిన శబ్దం వినిపిస్తాను.”

వినిపించింది. హోరు. మా పెద్ద ఫ్యాను హోరు. పుట్టిన దగ్గర్నుంచీ ఏడాదికి మూడునెలలు దాని కిందే పడుకునే మా చెవులకు అది శబ్దమే కాదు. అందుకే ఇల్లు నిశ్శబ్దంగా ఉందని ఒట్టేసి చెప్పాం. ఆ హోరులోనే, దాని పొట్టలో కూర్చున్నట్టుగా, జోలపాట. చెత్తబుట్టలో పడేసిన దానిలో మా జమున ఉంది.

“ఆ హోరూ ఆమె గొంతూ ఒకే చోట ఉన్నాయండీ. ఒకదాన్ని తీస్తే రెండోది వచ్చేస్తోంది” అంది ఇందుమతి. మళ్ళీ తనే, “పాట మాత్రం చాలా బాగుందండీ” అంది.

ఆ మాటకు కోపం రావాలో వద్దో తేల్చుకోలేక ఫోను పెట్టేశాను.

దిగుడు 51వ రోజు. ఉష్ణం 31. గాలి బాగుంది. గ్యాసు లేదు.

రెండో వినతిపత్రం మొదలుపెట్టాను. దాని పేరు ‘శ్రుతి ఎవరి సొత్తు?’. ఐదో పేజీ దగ్గర జమున కలం లాక్కుంది.

“ఇంక పదొద్దులున్నయి. నా గొంతు వొయ్యేదాక నువ్వు కాయిదాలే రాస్తవా?”

“ఇది నీ ఒక్కదాని సమస్య కాదు జమునా. ఈ బాయిలో ఉన్న...”

“నా ఒక్కదానిదే. గొంతు నాది. పొయ్యేది నాది. రేపు సంపెంగ లెక్క మాట్లాడేది నేను. నువ్వు గెలుస్తే నీ పేరు గోడపత్రికల వస్తది, గంతే.”

అంతలో ఖాజా సంతకానికి వచ్చాడు. విషయం చెప్పాను. మొదటి వీడియో, ట్రాకూ రెండూ విన్నాడు. మొహం విచిత్రంగా పెట్టాడు.

“వదిన తప్పుతలేదన్నా” అన్నాడు. “వదిన నా ఫ్యాను వట్టుకొని పాడుతాంది.”

“ఏం మాటలయి భాయ్?” అంది జమున.

“ఇగ సూడుండ్రి. నేను పొయ్యి ఫ్యాను జర్ర నిదానం జేస్త. వదినా, నువ్వు పనిజేసుకుంట ఉత్తగనే పాడు. ట్రాకు గీకు వద్దు.”

పావుగంట తర్వాత జమున చిక్కుడుకాయలు తుంచుతూ కూనిరాగం తీస్తోంది. నేను ఫోనులో శ్రుతి చూపే ముల్లు పెట్టి కూర్చున్నాను. ముల్లు మెల్లగా కిందికి జారింది. జమున ఆపలేదు, తడబడలేదు. తను దిగుతున్నానని ఆమెకు తెలియదు. అదే సమయంలో మూడిళ్ళ అవతల ఎవరో తల్లి బిడ్డను జోకొడుతోంది. ఆ జోల కూడా ఇదే మెట్టు దిగింది.

ఖాజా తిరిగొచ్చాడు. చెమట తుడుచుకుంటూ నవ్వాడు. “ఇరవై ఏండ్లసంది మీ అందరికీ శ్రుతిపెట్టె నేనే. ఒక్కడు చాయ్ తాగుమన్నోడు లేడు.”

చాయ్ పెట్టాను. పెడుతూ అడిగాను: ఫ్యాను కొంచెం పెంచి ట్రాకుకు సమానం చేస్తే?

“శ్రుతి కలుస్తది. గని ఆ మిషను మళ్ళ ఫ్యాన్‌తోటి వదినను గూడ ఊడ్చేస్తది. ఫ్యాను బందు వెట్టాలె. ఇరవై ఐదు నిమిషాలకన్న ఎక్కువ ఆపద్దు. నెలకోసారి బెల్టు మార్చెటప్పుడు ఎట్లైనా ఆపుతం గద. గది అరవై ఎనిమిదో రోజున్నది. ముంగటికి జరపాల్నంటే ప్రతి ఇల్లు ఒప్పుకోవాలె. ఒక్కలు వద్దన్నా నా చెయ్యి లేవదు.”

పైకి పోయి పాడదామంటే వేడిగాలి తగలకూడదని డాక్టరు ఖచ్చితంగా చెప్పాడు. అంబులెన్సు వచ్చేది ఆపరేషన్ రోజు తెల్లవారుజామునే. ఇక మిగిలింది ఇదొక్కటే.

తొంభై ఒక్క గడపలు. గాలి ఆగిన ఇరవై ఐదు నిమిషాలు పొయ్యిలు ఆర్పి, కదలకుండా, వెల్లకిలా పడుకోవాలి. ఆ తొంభై ఒక్కమందిలో నేను గోడపత్రికలో తిట్టనివాళ్ళు ఎంతమంది అని లెక్కేస్తే నాకే చెమట పట్టింది.

దిగుడు 54వ రోజు. ఉష్ణం 32. గాలి బాగుంది. గ్యాసు లేదు.

మూడు రోజులు తిరిగాను. జమున నాతో రానంది. “నోటితోటి తెంపినోనివి, నోటితోటే అతుకపెట్టు” అంది.

చాలామంది నన్ను ఒక్క మాటా అడగకుండా జమున పేరు వినగానే సంతకం పెట్టారు. అది నాకు సంతోషమే, కొంచెం అవమానం కూడా. నేను పత్రికలో ‘పాలకవర్గ తోక’ అని పేరు పెట్టిన రేషను కమిటీ అధ్యక్షుడు నన్ను గుమ్మంలో అరగంట నిలబెట్టి, “తోక ఊపమంటవా, సంతకం వెట్టమంటవా?” అని అడిగి, రెండూ చేశాడు. క్షమించమని నేను ఇంతవరకు ఏ వ్యాసంలోనూ రాయలేదు. ఈ మూడు రోజుల్లో ఆ మాట నోటికి అలవాటైపోయింది.

చివరికి ఎల్లవ్వ మిగిలింది. ఆమెకు డెబ్భై దాటాయి. తన వాకిట్లో పిల్లరుకు ఆనించి పోచమ్మ రాయి పెట్టుకుని, పొద్దస్తమానం నూనె దీపం వెలిగించేది. పోయినేడు ‘దీపం తాగే గాలి ఎవరిది?’ అని నేను రాసిన వ్యాసంతో కమిటీ ఆ దీపం తీయించేసింది. శాస్త్రం నా పక్షాన ఉంది. ఇప్పటికీ ఉందనే అంటాను.

“రారా పత్రికాయనా” అంది మంచం మీదినుంచి.

“అవ్వా, ఇరవై ఐదు నిమిషాలు ఫ్యాను...”

“ఇన్న. బాయంత గదే ముచ్చట. ముందుగాల నాకొకటి జెప్పు. నా పోచమ్మ దీపం ఎంత గాలి తాగుతదని రాసినవ్?”

“ఒక మనిషి పీల్చేదాంట్ల నాలుగో వంతు.”

“మరి నీ పెండ్లాం పాట ఎంత తాగుతది?”

లెక్క నాకు వచ్చు. తొంభై రెండు ఇళ్ళు, నాలుగు వందల పైచిలుకు ప్రాణాలు, ఇరవై ఐదు నిమిషాలు. చేతిలో కాగితం మడిచాను.

“మాట్లాడవేందిరా? రాసెటప్పుడు బాగనే పారుతది గద కలం.”

“నువ్వు అడిగింది న్యాయమే అవ్వా. నా దగ్గర జవాబు లేదు.”

ఎల్లవ్వ బొటనవేలు చాపింది. “సంతకం రాదు నాకు. సిరా రాయి. నీకోసం అనుకునేవ్. మా ముసలోడు వోయిననాడు ఆ పిల్ల మూడొద్దులు నా పక్కపొంటి కూసొని పాడింది. నువ్వా మూడొద్దులు బాయిల సావుల మీద వ్యాసం రాసుకుంట కూసున్నవ్. తలుపుసందుల కెల్లి సూసిన.”

నిజమే. ఆ వ్యాసానికి మంచి పేరు వచ్చింది. ఎల్లవ్వ ఇంటికి మాత్రం నేను పోలేదు.

దిగుడు 57వ రోజు. ఉష్ణం 32. మధ్యాహ్నం రెండున్నర నుంచి రెండు యాభై అయిదు వరకు ఫ్యాను బందు. గ్యాసు లేదు.

ఫ్యాను ఆగగానే ముందు చెవులు నొప్పిపెట్టాయి. ఆ తర్వాత నేనెన్నడూ చెవిన పెట్టని చప్పుళ్ళు ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఎక్కడో నీళ్ళు బొట్లుబొట్లుగా పడుతున్నాయి. ఎల్లవ్వ గాజులు. పక్కనే జమున ఊపిరి, దానిలో చిన్న గరగర. ఇరవై ఆరేళ్ళు పక్కన పడుకున్నాను, ఆమె ఊపిరిని చెవి ఒగ్గి వినడం అదే మొదలు.

ఆదివారం చీర కట్టుకుంది. చెవిలో ట్రాకు పెట్టుకుంది. వేలెత్తాను. అందుకుంది.

పాట రెండో వరుసలోనే చెదిరింది. మళ్ళీ అందుకుంది. ఈసారి పైకి పోయింది, వణికింది, కిందికి జారింది. ఇంతకాలం తక్కువ పాడిందే తప్ప ఆమె తప్పుపాడటం నేను వినలేదు. ఆరు నిమిషాలు అట్లా పోయాయి. చెవిలోది తీసేసి నా చెయ్యి పట్టుకుంది.

“కింద ఏం లేదు ఓదెలూ” అంది. “కాలు వెడ్తే జారుతాంది.”

తొంభై ఒక్క ఇళ్ళవాళ్ళు చీకట్లో వెల్లకిలా పడుకుని మాకు గాలి అప్పిచ్చి ఎదురుచూస్తున్నారు. ఎందుకు చేశానో తెలియదు, ఆమె వెనక కూర్చున్నాను. వేలాడే బొంత ఒకటి లాగి ఇద్దరి వీపుల మీదికీ కప్పాను. ట్రాకు రెండో తీగ నా చెవిలో పెట్టుకున్నాను. పాటంతా వాయించే వాయిద్యాల కింద తంబూరాలాగా ఒక స్వరం కదలకుండా ఉంటుంది చూడండి, దాన్ని పట్టుకున్నాను. నోరు మూసి, గడ్డం ఆమె వీపు ఎముకకు ఆనించి, ఆ ఒక్క స్వరం మీద మెల్లగా మూలిగాను. చెవితో కాకపోయినా వీపుతోనైనా ఆమెకు అందాలని.

నాకు సంగీతం రాదు. ముప్పయ్యేళ్ళు నినాదాలు ఇచ్చిన గొంతు ఇది. పైకి లేవడమే దానికి తెలుసు, నిలబడటం తెలియదు. ఎట్లా నిలబడిందో నిలబడింది.

జమున వీపు ముందు బిగుసుకుంది. తర్వాత, బరువు దింపుకున్నట్టు, నా మీదికి వాలింది. పాడింది.

జోలపాట పాడింది. పడవపాట పాడింది. పెళ్ళికూతురిని అంపే పాట పాడుతున్నప్పుడు చివరి చరణంలో గొంతు చీరుకుంది. అయినా స్వరం వదల్లేదు. ఆమె పాడుతున్నంతసేపూ ఆ పాట నాకు చెవిలో కాదు, దవడల్లో వినిపించింది. పాట ముగిశాక ఇద్దరం అట్లాగే ఉన్నాం. ఖాజా ఈల వినబడింది. హోరు తిరిగొచ్చింది. చుట్టుపక్కల ఇళ్ళలో జనం లేచి కూర్చుని దగ్గుతున్నారు.

“అయిందా?” అని అరిచింది ఎల్లవ్వ గోడవతల నుంచి.

“అయిందవ్వా” అంది జమున.

“మంచిగొచ్చిందా?”

“ఏమో అవ్వా. ఓదెలు సప్పుడుజేయకుంట కూసున్నడు. గదే పెద్ద ఇచ్చంత్రం.”

దిగుడు 59వ రోజు. ఉష్ణం 32. గాలి బాగుంది. గ్యాసు లేదు.

ఇందుమతే ఫోను చేసింది. శ్రుతి మూడు పాటల్లోనూ సరిపోయిందట. గాత్రం శుభ్రంగా ఉందట. “కానీ అడుగున ఇంకో గొంతు ఉందండీ. మగగొంతు. చాలా చిన్నగా. విడదీద్దామని రెండు రోజులు చూశాం, రావడం లేదు. మా నిబంధన ప్రకారం ఒక నమోదుకు ఒకే మనిషి ఉండాలి. రెండు గొంతులుంటే ఎవరిదని రాయాలి?”

నా దగ్గర నిబంధనల మీద ఒక ఉపన్యాసం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. నోరు తెరిచాను. జమున ఫోను లాక్కుంది. రెండు రోజులుగా ఆమె మాట గుసగుసకు దగ్గరపడింది.

“అమ్మా, పెండ్లయి ఇరవై ఆరేండ్లాయె. నా గొంతుల కెల్లి ఈయన్ని తీసుడు మీ మిషనుతోటి గాదు. నేనే ఎన్నోపాల్లు సూసిన, నాతోటే గాలే. ఉండనీయుండ్రి.”

అవతల ఇందుమతి గొంతు తగ్గించింది.

“పట్టీ పెట్టుకున్నాక ఎప్పుడు మాట్లాడినా ఆ మూలుగు కిందనే ఉంటుందమ్మా. జీవితాంతం. తీయడం కుదరదు. ఆలోచించారా?”

“కొత్తగ ఆలోచించేదేమున్నదమ్మా?”

ఇందుమతి నవ్విందో, ముక్కు ఎగబీల్చిందో తెలియదు. “ఇద్దరూ సంతకం పెట్టండి. ఉమ్మడి గొంతు అని రాస్తాను. అలాంటి గడి లేదు. రిమార్కుల్లో రాస్తాను.”

పదకొండు పేజీలు ఒక పక్క. జమున నాలుగు మాటలు ఒక పక్క. దీని మీద నేను వ్యాసం రాయదలచుకోలేదు.

దిగుడు 60వ రోజు. ఉష్ణం 33. గాలి బాగుంది. గ్యాసు లేదు.

రేపు తెల్లవారుజామున పైకి. ఈరోజే ఆమె గొంతుకు చివరిరోజు. ఏదైనా గొప్పమాట అంటుందేమోనని పుస్తకం తెరిచి పక్కనే కూర్చున్నాను. బియ్యంలో రాళ్ళున్నాయని రేషను కమిటీ అధ్యక్షుణ్ణి పొద్దంతా గుసగుసగా తిట్టింది. నేను ఆ తిట్లన్నీ రాసుకున్నాను. ఆయన సంతకం పెట్టిన మనిషి కాబట్టి ఇక్కడ ఎక్కించడం లేదు.

దిగుడు 84వ రోజు. ఉష్ణం 31. గాలి బాగుంది. గ్యాసు లేదు.

ఇరవై నాలుగు రోజుల తర్వాత పుస్తకం పట్టుకున్నాను. ఆసుపత్రిలో నేనుండగా అంకెలు ఖాజా వేశాడు. రిమార్కుల గడిలో రోజూ ‘వదిన ఎట్లున్నది?’ అని రాశాడు. బాగుంది ఖాజా. నిన్న దించుకొచ్చాను.

ఈరోజు పొద్దున పట్టీ మొదటిసారి తెరిచాం. జమున అద్దం ముందు కూర్చుని మెడమీద సర్దుకుంది. పెదవులు కదిలించింది. ఏమీ రాలేదు. భయంగా నా వైపు చూసింది. మీట నొక్కడం మరిచిపోయాం. నొక్కాను.

“ఓదెలూ” అంది.

అదే గొంతు. అదే నూలుచీర. అక్కడక్కడ అతుకు కనబడుతుంది, మాట చివర ఊపిరి ఉండాల్సిన చోట ఖాళీ ఉంది. దాని అడుగున, చెవి పెడితే తప్ప తెలియనంత చిన్నగా, నేను.

గోడవతల నుంచి ఎల్లవ్వ కేక. “ఎవల్రా అది? జమునేనా? పక్కపొంటి ఎవడో మూలుగుతాండేంది?”

“నా మొగడే అవ్వా” అంది జమున.

“మొగోడు ఉంటె ఇంట్ల ఉండాలె, లేకుంటె బయట ఉండాలె. గొంతుల ఉండుడేందే నీ అయ్య!” అని ఎల్లవ్వ నవ్వుతూ ఏడుస్తూ వచ్చి మా గుమ్మంలో చతికిలబడింది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. నన్ను నీళ్ళకు తోలారు.

నీళ్ళు తెచ్చాక ఈ పుస్తకం ముందు కూర్చుని ఇలా రాశాను: ‘కొందరు దీన్ని లోపమంటారు. నేను ఒప్పుకోను. ఏ గొంతుకైనా ఒక ఆధారం కావాలి. ఇన్నాళ్ళు ఈ బాయిలో ఫ్యాను ఆధారం. ఇకమీదట నా జమున ప్రతి మాటకూ ఆధారం నేనే.’ రాసి, బాగా వచ్చిందనిపించి, గోడపత్రికకు కూడా పనికొస్తుందని ఇంకోసారి చదువుకుంటున్నాను. జమున వెనకనుంచి వచ్చి భుజం మీదుగా చదివింది.

“ఆధారమా?” అంది. “ఎవలు జెప్పిండ్రు నీకు? ఆధారం గీధారం ఏంలేదు. అడుగుకు వడి ఉన్నవ్, గంతే.”

నేను వాదించడానికి వెనక్కి తిరిగాను. ఈలోపే, ఆమె మాట ముగిసిన చోట, పట్టీ అడుగునుంచి నా గొంతు ఊఁ కొట్టింది.